ఒకే తల్లి దోమలు: వికారాబాద్ మీదుగా తాండూరుకు

వికారాబాద్ అనగానే హైదరాబాద్ వాళ్లకు అనంతగిరి గుట్టలు గుర్తొస్తాయి. తాండూరు అనగానే ఇంట్లో పరిచిన బండలు, వంటింట్లో కందిపప్పు. నేను ఈ రెండు ఊళ్లకు వెళ్లింది మాత్రం దోమల కోసం. హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో జబ్బులు మోసే దోమల జన్యువుల మీద పనిచేస్తాను. ఈ ఊరి దోమలకూ ఆ ఊరి దోమలకూ చుట్టరికం ఉందా, అవి ఏ దారిన చేరుతున్నాయి, మందుకు తట్టుకునే గుణం ఎక్కడి నుంచి ఎక్కడికి పాకుతోంది అని చూడటం మా పని. పోయిన వానాకాలంలో వికారాబాద్, ధారూర్, తాండూరులలో డ్రమ్ముల్లోంచి, తొట్లలోంచి దోమపిల్లలను సీసాల్లో పట్టుకొచ్చాం. తాండూరులో మేం తిరిగిన వీధుల్లో ఒకటి బండల పాలిష్ యూనిట్ల వెనక ఉంది. మేం వెళ్లేసరికి ఆ వీధిలో పదో తరగతి చదివే గ్రేసీ అనే అమ్మాయి డెంగీతో చనిపోయి రెండు వారాలు కూడా కాలేదు.

ఆ వీధిలో మమ్మల్ని ఇంటింటికీ తిప్పిన ఆశా కార్యకర్త పేరు సువార్త. చలికాలం మొదలయ్యాక ఒకరోజు ఆమె ఫోన్ చేసింది. గ్రేసీ వాళ్ల పక్కింట్లో బీరప్ప అనే ఆయన ఉంటాడు. దౌల్తాబాద్ దిక్కు నుంచి వచ్చిన గొల్లకురుమల కుటుంబం. ఆయన పాలిష్ యూనిట్‌లో పనిచేస్తూనే ఇంటి వెనక నాలుగు మేకలు పెంచుకునేవాడు, వాటికి నీళ్లు పట్టడానికి సిమెంటు గోలెం ఒకటి పెట్టుకున్నాడు. అమ్మాయిని చంపిన దోమ ఆ గోలెంలోనే పుట్టిందని వీధి మొత్తం తేల్చేసిందట. గోలెం పగలగొట్టారట. ఆ ఇంటికి నీళ్లకు కూడా ఎవరూ పోవడం లేదట. మీరు జన్యు పరీక్షలు చేస్తారు కదా, దోమ ఏ ఇంట్లో పుట్టిందో చెప్పలేరా, ఒక్కసారి వచ్చి చెప్తే ఈ గొడవ ఆగుతుంది అని సువార్త అడిగింది. అప్పటికే ఆ వీధి సీసాల ఫలితాలు నా దగ్గరున్నాయి. ఫోన్‌లో చెప్పే మాట కాదనిపించి, నేనే వస్తానన్నాను. ఇందులో పేర్లన్నీ మార్చాను. రాయడానికి వాళ్ల ఒప్పుదల తీసుకున్నాను.

శనివారం పొద్దున్నే లింగంపల్లిలో రైలెక్కాను. వికారాబాద్‌కు గంట ప్రయాణం, తాండూరుకు ఇంకో గంట లోపే. జనరల్ టికెట్ తాండూరు దాకా తీసుకున్నా వంద రూపాయలు కాదు. రైలు తప్పితే మెహిదీపట్నం నుంచి చేవెళ్ల మీదుగా బస్సులున్నాయి కానీ రోడ్డు మీద బండల లారీల వెనక ఇరుక్కుంటే ఎప్పుడు చేరతామో చెప్పలేం. శంకర్‌పల్లి దాటేదాకా మంచు విడలేదు. పెట్టెలో సగం మంది గుట్టలు చూడ్డానికి బయల్దేరిన కుర్రవాళ్లు. వాళ్లంతా వికారాబాద్‌లో దిగిపోయి, స్టేషన్ బయట ఆటోలతో బేరమాడుతున్నారు. జిల్లా కార్యాలయంలో ముందురోజు మీటింగ్ ఉండి సువార్త అక్కడే తమ్ముడి ఇంట్లో ఆగింది, ఇద్దరం కలిసి పోదామనుకున్నాం. స్టేషన్ ఎదురుగా ఉన్న బండి దగ్గర వేడి మిర్చి బజ్జీలు తిని, టీ తాగి, తర్వాతి రైలు పట్టుకున్నాం. ఈ మార్గంలో వెళ్లేవాళ్లు టిఫిన్ వికారాబాద్‌లోనే కానివ్వడం మంచిది, తర్వాత చిన్న స్టేషన్లలో నీళ్ల సీసా దొరికితే గొప్ప.

కిటికీ అవతల కందిచేలు ఎండిపోయి, కోతకు వచ్చి ఉన్నాయి. ధారూర్‌లో రైలు ఆగినప్పుడు సువార్త, తన పుట్టిల్లు ఇక్కడికి దగ్గరేనని, గ్రేసీ వాళ్లమ్మ కరుణమ్మ కూడా ఈ వైపు మనిషేనని చెప్పింది. ఏటా ఇక్కడ జరిగే క్రైస్తవ జాతరకు ఆ కుటుంబమంతా వచ్చి గుడారం వేసుకునేదట. ఈ ఏడు రాలేదట.

ధారూర్ దాటాక సువార్తకు ఫలితం చెప్పడం మొదలుపెట్టాను. ముందు పెద్ద సంగతి చెప్పాను. తాండూరు దోమలు మధ్యలో ఉన్న ఈ ధారూర్ దోమలను పోలిలేవు, హైదరాబాద్ లారీ అడ్డాల దగ్గర పట్టిన దోమలను పోలి ఉన్నాయి. డెంగీ దోమ తనంతట తాను ఎక్కువ దూరం ఎగరదు. దాని గుడ్లు మాత్రం డ్రమ్ము గోడకో, పాత టైరుకో అంటుకుని నెలల తరబడి ఎండలో కూడా బతుకుతాయి. బండలు దింపొచ్చిన లారీల మీద అవి ఊరు దాటి వస్తున్నాయి. వస్తూ వస్తూ నగరంలో ఏళ్ల తరబడి పొగమందుకు అలవాటుపడిన జన్యువును కూడా తెచ్చుకున్నాయి. ఆ వీధి దోమల్లో చాలావాటికి ఆ గుణం ఉంది. అంటే మున్సిపాలిటీ పొగ కొట్టినా అవి చావవు.

సువార్త ఇదంతా విని, మరి బీరప్ప సంగతేమిటని అడిగింది. అదీ చెప్పాను. ఆడదోమ తన గుడ్లన్నీ ఒకేచోట పెట్టదు, ఇక్కడ కొన్ని, అక్కడ కొన్ని పెడుతుంది. మేం వీధిలో పట్టిన పిల్లల్లో అన్నాచెల్లెళ్లు ఏవో, పరాయివి ఏవో జన్యువులు చూస్తే తెలుస్తుంది. బీరప్ప గోలెంలో పట్టిన పిల్లలకు సొంత తోబుట్టువులు ఇంకో మూడిళ్లలో దొరికాయి. ఎక్కువ దొరికింది మాత్రం గ్రేసీ వాళ్ల సొంత నీళ్ల డ్రమ్ములో. గోలెంలోవీ, డ్రమ్ములోవీ ఒకే తల్లికి పుట్టినవి.

సువార్త కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది.

“మేడం, డ్రమ్ము మాట వాళ్లకు చెప్పకుండ్రి. బీరప్ప గోలెంల పుట్టలేదని చెప్పుండ్రి, సాలు.”

గోలెంలో పుట్టలేదని కూడా నేను చెప్పలేనని అన్నాను. గ్రేసీని కుట్టిన దోమ ఎప్పుడో చచ్చిపోయింది, మేం పట్టింది ఆ తర్వాత పుట్టిన వాటిని. వీధి దోమలన్నీ ఒకే మందలోవని మాత్రమే చెప్పగలను, ఫలానా ఇల్లు అని వేలెత్తి చూపలేను. ఎవరి మీదకూ తోయలేమంటే వాళ్లు నమ్ముతారా అని ఆమె అడిగింది. ఎందుకు తోయలేమో చెప్పకపోతే నమ్మరు. చెప్పాలంటే డ్రమ్ము మాట రాక తప్పదు. రైలు తాండూరు చేరేదాకా ఇద్దరం అదే ఆలోచిస్తూ ఉన్నాం, ఏదీ తేలలేదు.

స్టేషన్ నుంచి ఆటోలో పాలిష్ యూనిట్ల వైపు పోవడానికి ఆటో అతను మనిషికి ముప్పై రూపాయలు అడిగాడు. దారి పొడవునా రెండు పక్కలా నిలబెట్టిన బండలు, వాటి వెనక కోత యంత్రాల నుంచి కారిన తెల్లటి బురద గుట్టలు. చెట్ల ఆకుల మీద కూడా అదే తెలుపు. ముక్కుకు రుమాలు కట్టుకోకపోతే కాసేపటికే గొంతు గరగరమంటుంది. యూనిట్ల మలుపు దగ్గర ఒక ఇంట్లో భోజనం పెడతారు. జొన్నరొట్టెలు, తాండూరు కందిపప్పు, వంకాయ కూర, పచ్చిమిర్చి తొక్కు, ఎనభై రూపాయలు. అంత రుచిగల పప్పు నేను ఎక్కడా తినలేదు. వడ్డించే ఆమె భర్తతో కన్నడంలోనూ మాతో తెలుగులోనూ మాట్లాడుతోంది. నా సంచీలో సీసాలు చూసి, సువార్తను గుర్తుపట్టి, రొట్టె వేస్తూ మామూలుగా అడిగింది.

“గా దోమలింటికేనా పోయేది?”

ఊళ్లో బీరప్ప ఇంటికి ఆ పేరు పడిపోయిందని అప్పుడు తెలిసింది.

ముందు ఆ ఇంటికే వెళ్లాం. బీరప్ప పనికి పోయాడు, వాకిట్లో ఆయన భార్య అంజమ్మ గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. ఇంటి వెనక గోలెం ఉన్నచోట సిమెంటు పెళ్లలు కుప్పగా పడి ఉన్నాయి. మేకల కొయ్యలు ఖాళీగా ఉన్నాయి. మేకలను అయినకాడికి అమ్మేశామని, ఎల్లుండి సొంతూరు పోతున్నామని ఆమె చెప్పింది. సువార్త నన్ను చూపించి, ఈ మేడం పరీక్ష చేసింది, తప్పు మీ ఒక్కరిదే కాదని చెప్పడానికి వచ్చింది అంది. అంజమ్మ చేతిలో పని ఆపలేదు. ఆమె గోలెం నీళ్లు వారానికోసారి పారబోసేదట. గోడకు అంటుకున్న గుడ్లు నీళ్లు పారబోస్తే పోవని ఎవరూ చెప్పలేదట. పరీక్షలో తేలింది ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పమని, తమకు చెప్పి ఏం లాభమని అడిగింది. అడిగిన తీరులో కోపం కూడా లేదు. గ్రేసీ తన వాకిట్లో ఆడుకున్న పిల్ల అని, చివరిసారి చూడటానికి పోతే గడప దగ్గరే ఆపేశారని ఆమె చెప్పింది. మేం లేచి వచ్చేశాం.

గ్రేసీ నాన్న ఆశీర్వాదం, బీరప్ప ఒకే యూనిట్‌లో పనిచేసేవాళ్లు. పెద్ద బండను యంత్రం మీదికి ఎక్కించాలంటే చెరో కొస పట్టుకునే ఇద్దరు మనుషులు కావాలి. ఆరేళ్లు ఆ రెండు కొసలు వీళ్లిద్దరే పట్టుకున్నారట. అమ్మాయి పోయాక ఆశీర్వాదం వేరే యంత్రానికి మారాడు. మేం యూనిట్‌కు వెళ్లేసరికి ఆయన భోజనం ముగించి, బయట ఒక బండల వరస మీద కూర్చున్నాడు. మనిషి ఒళ్లంతా రాతిపొడి. సువార్తను చూసి లేచి, నాకు చోటు ఇచ్చాడు.

నేను వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను. పొగ పనిచేయలేదని, వీధిలో నాలుగిళ్లలో దొరికినవి ఒకే తల్లి పిల్లలని చెప్పి, ఆ నాలుగిళ్లు ఏవో చెప్పకుండా ఆగాను. ఆయన కూడా అడగలేదు. చేతులకు అంటిన పొడిని చూసుకుంటూ తనే అన్నాడు.

“అండ్ల మాది కూడ ఉన్నది గద మేడం. నాకు ఎర్కే. ఆనాడు మీరు సీసల నీళ్లు వట్టుకునేటప్పుడు డ్రమ్ము వంచింది నేనే. అడుగున పురుగులు కుప్పలున్నయి. అప్పుడే సమజైంది.”

సువార్త నిర్ఘాంతపోయి, మరి ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావన్నా అని అడిగింది.

“బీరప్ప గోలెం అని ఎవరో అన్నరు. మా ఆమె గా మాట వట్టుకున్నది. గా మాట వట్టుకునే ఇంత తింటున్నది, ఇంత పంటున్నది. ఇంట్ల నీళ్లు నింపేది, డ్రమ్ముకు మూత వెట్టేది ఆమెనే. మనదాంట్ల కూడ ఉండెనంటె బతుకుతదా? బిడ్డ పోయింది. ఆమె గూడ పోతె నేనేం జెయ్యాలె?”

యూనిట్‌లో యంత్రం మళ్లీ మొదలైంది, ఆ రొదకు కాసేపు ఎవరి మాటా వినబడలేదు. అది తగ్గాక సువార్త, బీరప్ప ఎల్లుండి పోతున్నాడని చెప్పింది. ఆ సంగతి ఆశీర్వాదానికి తెలియదు. మేకల్ని కూడా అమ్మేశాడా అని అడిగి, అమ్మేశాడని తెలిసి తల వంచుకున్నాడు. కొంతసేపటికి లేచి కొళాయి దగ్గర ముఖం, చేతులు కడుక్కున్నాడు. మేస్త్రీకి ఏదో చెప్పి వచ్చి, ఇంటికి పోదాం రమ్మన్నాడు. మీరు చెప్పొద్దు, నేనే చెప్తాను, ఆమె ఏదన్నా అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి అని దారిలో నన్ను కోరాడు.

కరుణమ్మ చిన్న మనిషి. నలభై కూడా ఉండవు. గ్రేసీ ఫోటో గోడకు పెట్టలేదు, ఒక కుర్చీలో నిలబెట్టి ఉంది. ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వదట. ఆశీర్వాదం ఆమెను చాప మీద కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూర్చుని, డ్రమ్ము నీళ్లలో తాను చూసిన సంగతి చెప్పాడు. నేను చెప్పినదీ చెప్పాడు. నీకు చెప్పలేక బీరప్పను ఆడిపోసుకుంటుంటే విని ఊరుకున్నానని కూడా చెప్పాడు. ఆమె ఏడవలేదు. భర్త వైపు చూడనూ లేదు. నావైపు తిరిగి, పొగ కొట్టిన రోజు వాళ్లు చెప్పినట్టే తలుపులన్నీ తెరిచి పెట్టానని, ఇల్లంతా పొగ నిండితే బిడ్డ దగ్గుతున్నా మూయలేదని చెప్పింది. ఆ పొగతో ఈ దోమలు చావవని, ఆ సంగతి కంటికి చూస్తే తెలిసేది కాదని నేను చెప్పాను. నీళ్లు నాలుగు రోజులకోసారి వచ్చే వీధిలో డ్రమ్ము నింపుకోకుండా ఎవరూ బతకలేరని కూడా చెప్పాను. అవన్నీ నిజాలే. వాటిలో ఒక్కటి కూడా ఆమెకు ఆనినట్టు లేదు.

“నా బిడ్డను కుట్టింది మా డ్రమ్ముల పుట్టిందా మేడం? గది చెప్పుండ్రి.”

“చెప్పలేనమ్మా. ఆ దోమ ఎప్పుడో పోయింది. అది ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పలేరు.”

ఆమె ఆ మాట గురించి కొంచెంసేపు ఆలోచించింది.

“మరి బీరప్ప గోలెంల పుట్టిందని మేమెట్ల జెప్పినం?”

ఆమె లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. సువార్త వెంట పోయింది. ఆశీర్వాదం పోబోయి ఆగిపోయాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నాను. రెండిళ్ల మధ్య ఒక గోడే. కరుణమ్మ అంజమ్మ వాకిట్లో ఆగి ఏదో అంది, నాకు వినబడలేదు. అంజమ్మ ఆమెను లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. సంచీ మూతి కుడుతూనే ఆమె చెప్పిన జవాబు మాత్రం వీధికంతా వినబడింది.

“మా పోరన్ని బళ్లె దోమోడు అంటున్నరక్కా. వాడు బడికి పోతలేడు. ఇంక మేమీడ ఏమని ఉంటం?”

కరుణమ్మ అక్కడే నేల మీద కూర్చుంది. చుట్టుపక్కల ఇళ్లలోంచి ఇద్దరు ముగ్గురు తొంగిచూసి లోపలికి వెళ్లారు. గోలెం మీద గడ్డపార వేసినవాళ్లు అందులో ఉన్నారని సువార్త తర్వాత చెప్పింది.

సాయంత్రం రైలుకు స్టేషన్‌కు వచ్చేశాను. ఆశీర్వాదం ఆ సాయంత్రమే యూనిట్‌కు పోయి బీరప్పను కలిశాడని, ఉండమని బతిమాలాడని, తనే కొత్త గోలెం కట్టిస్తానన్నాడని మర్నాడు సువార్త ఫోన్‌లో చెప్పింది. బీరప్ప కోపగించుకోలేదట, చేయి పట్టుకున్నాడట. అయినా సోమవారం పొద్దున సామాను ట్రాలీ ఆటోలో వేసుకుని దౌల్తాబాద్ దిక్కు వెళ్లిపోయారు. ఇప్పుడు అక్కడ బీరప్ప కూలికి పోతున్నాడు. కరుణమ్మ భర్తతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. వంట చేస్తుంది, తినేది మాత్రం తగ్గిపోయింది. ఆయన దేనికి భయపడ్డాడో అది మెల్లగా జరుగుతోందని సువార్త అంటుంది. పొగ సంగతి రాసి, చూడవలసినవాళ్లకు పంపాను. చూస్తామన్నారు. మొన్న ఆ వీధిలో మళ్లీ అదే పొగ కొట్టి వెళ్లారు.

ఈ ప్రయాణానికి ముందు నా పరీక్ష ఒక కుటుంబాన్ని కాపాడుతుందని నిజంగా అనుకున్నాను. పరీక్షలో తప్పేమీ లేదు. కానీ దానికి నెలలు పట్టింది. వీధిలో మాట పుట్టడానికి ఒక్క పూట చాలింది. నేను చేరేసరికి గోలెం పగిలింది, మేకలు పోయాయి, పిల్లవాడికి పేరు పడింది. వెళ్లకుండా ఉండాల్సిందా అని చాలామంది అడిగారు. వెళ్లకపోతే కరుణమ్మ ఇంత తినేది. బీరప్ప ఎలాగూ వెళ్లిపోయేవాడు, కానీ తన మీద పడ్డ నిందకు ఆధారం లేదని తెలియకుండా వెళ్లేవాడు. ఈ రెంటిలో ఏది మేలో నాకు ఇప్పటికీ తెలియదు. నిజం తెలుసుకునే హక్కు ఆ ఇద్దరిలో ఒకరికి ఉండి ఇంకొకరికి లేదని మాత్రం అనలేను. మళ్లీ అలాంటి ఫోన్ వస్తే వెళ్తాను. ఈసారి సీసాలు పట్టిన రోజే వీధి మధ్యలో అందరినీ కూర్చోబెట్టి, ఏ ఇంటినీ వేరు చేయకుండా, మా పరీక్ష ఏం చెప్పగలదో ఏం చెప్పలేదో ముందే చెప్తాను.

వానాకాలంలోనో, ఆ తర్వాత వచ్చే నెలల్లోనో ఈ ఊళ్ల వైపు వెళ్లేవాళ్లకు ఒక్క జాగ్రత్త. తిరిగొచ్చాక రెండు వారాల లోపు జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఇంకో నొప్పి బిళ్ల సొంతంగా మింగకండి, వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి. డెంగీలో ప్రమాదం తరచుగా జ్వరం దిగాకే మొదలవుతుంది. అందుకని ఒళ్లు చల్లబడిన రోజున కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత లాంటివి కనబడితే, తగ్గింది కదా అని పడుకోకుండా ఆ గంటే ఆసుపత్రికి బయల్దేరండి.